ఆఖరి వరుసను మింగే గొంతు

నాకు రెండు ఉద్యోగాలు. జీతం ఇచ్చే ఉద్యోగంలో నన్ను ఎవరూ లెక్కచేయరు. అందుకని జీతం ఇవ్వని ఉద్యోగంలో గౌరవం సంపాదించుకుందామని కొన్నేళ్ళుగా తంటాలు పడుతున్నాను. తెలుగులో రాసి ఉన్నదాన్ని కంప్యూటర్ చేత పైకి చదివించే సాఫ్ట్‌వేర్ ఒకటి మేం తయారుచేశాం. చూపు లేనివాళ్ళు, కళ్ళు అలసినవాళ్ళు, చదవడానికి బద్ధకించేవాళ్ళు దాన్ని వింటారు. అది ఉచితం. పైగా ఓపెన్ సోర్స్, అంటే దాని లోపల ఏముందో ఎవరైనా విప్పి చూడొచ్చు, ఎవరైనా బాగుచేయొచ్చు. ఆ ‘ఎవరైనా’ అనేవాళ్ళం లెక్కకు ఐదుగురం. ఇద్దరు పెళ్ళిళ్ళయ్యాక అంతర్ధానమయ్యారు. ఒకాయన బెంగళూరులో కూర్చుని నాయకత్వం వహిస్తాడు. ఇంకొకాయన సలహాలు చెబుతాడు. మిగిలిన పని ఫలక్‌నుమాలో, మా మేడ మీది రేకుల గదిలో జరుగుతుంది. కింద వెల్డింగ్ షాపు, పైన నేను. ఇద్దరిలో ఎవరు నిజంగా పనిచేస్తున్నారన్న విషయంలో మా వీధివాళ్ళకు ఎలాంటి అనుమానమూ లేదు.

వాడేవాళ్ళకు ఏదైనా తేడా వస్తే మా ప్రాజెక్టు పేజీలో రాసిపెట్టాలి. దాన్ని ఇష్యూ అంటాం. ఎవరో ఒకరు బాగుచేసి మూసేదాకా అది తెరిచే ఉంటుంది. తెరిచి ఉన్నవి ఎన్నో పేజీ పైన పెద్ద అంకెలో దారినపోయేవాళ్ళందరికీ కనబడుతుంది. మాది ఆరు వందల పన్నెండు. ఇన్నెలా పేరుకుపోయాయని అడిగితే ముగ్గురమూ ఒకరి మొహం ఒకరం చూసుకుంటాం.

వాటిలో ఏముండేవో కూడా చెప్పాలి. ఒకాయన ‘పనిచేయట్లేదు’ అని ఒక్క మాట రాసి మాయమయ్యాడు. ఏది, ఎక్కడ, ఎప్పటినుంచి అని మేం అడిగిన ప్రశ్నలు నాలుగేళ్ళుగా ఆయన కోసం ఎదురుచూస్తున్నాయి. ఒకాయనకు మా గొంతులో భక్తి చాలలేదు. ఒకావిడకు అది ఆంధ్రా యాసలో చదువుతోందని కోపం. ఆమె కిందనే ఇంకొకాయన, అది తెలంగాణ యాసలో చదువుతోందని విరుచుకుపడ్డాడు. ఇద్దరూ విన్నది ఒకే గొంతు. ఇక బొమ్మ గొడవ ఒకటి. సాఫ్ట్‌వేర్ తెరవడానికి నొక్కే చిన్న బొమ్మ ఆకుపచ్చగా ఉండాలా నీలంగా ఉండాలా అని వంద పైచిలుకు వ్యాఖ్యలు. వాడేవాళ్ళలో చాలామందికి ఆ బొమ్మ అసలు కనిపించదన్న సంగతి ఆ వాదించేవాళ్ళలో ఒక్కరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు. నేను నీలం పక్షం.

మా వీధిలో ఈ సాఫ్ట్‌వేర్‌ను నిజంగా వాడే మనిషి ఒక్కరే, మూడిళ్ళ అవతల ఉండే అక్క. ఆమెకు పుట్టుకతోనే చూపు లేదు. ఒక ప్రభుత్వ రంగ ఆఫీసులో టెలిఫోన్ బోర్డు దగ్గర పని. ఎవరు సీట్లో ఉన్నారో, ఎవరు సీట్లో ఉండి లేరని చెప్పమంటారో ఆమెకు తెలిసినంత పై అధికారికి కూడా తెలియదు. వాళ్ళ నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్‌గా రిటైరయ్యాడు. మా నాన్న అదే రైల్వేలో గుమస్తా. ఆ స్నేహం కొద్దీ ఆయన నాకు కాకా, ఆమె అక్క.

ఇప్పుడు ఆఫీసులో ప్రతివాడి జేబులోనూ ఫోనుంది కాబట్టి టెలిఫోన్ బోర్డు తీసేస్తామని అక్కకు కాగితం ఇచ్చారు. శాఖ పెట్టే పరీక్ష పాసైతే ఇదే ఆఫీసులో అసిస్టెంటుగా కూర్చోబెడతారు. తప్పితే, ఖాళీ ఎక్కడుంటే ఆ జిల్లాకు పంపిస్తారు. ఇంటి గడప నుంచి ఫలక్‌నుమా స్టేషన్‌కు, అక్కడ బండి దిగిన చోటినుంచి తన కుర్చీకి ఎన్ని అడుగులో ఆమెకు కంఠతా. కొత్త ఊరంటే అదంతా మళ్ళీ మొదటి అడుగు నుంచి నేర్చుకోవాలి, అదీ ఒక్కతే. ఆ పరీక్ష ఇప్పటికే రెండుసార్లు తప్పింది. మూడోసారి తర్వాత రాయనివ్వరు. అందుకే రూల్సు పుస్తకాలు నాలుగూ కంప్యూటర్‌లోకి ఎక్కించుకుని, మా సాఫ్ట్‌వేర్ చేత చదివించుకుంటూ కూర్చుంది.

ఒకరోజు పొద్దున బర్రెల షెడ్డు దగ్గర పాల కోసం నిలబడి ఉంటే నా గొంతు గుర్తుపట్టి పక్కకు వచ్చింది.

“తమ్మీ, నీ డబ్బా ప్రతి పేజీల ఆఖరి లైన్ మింగుతున్నది,” అంది. “రూల్ అంతా మంచిగనే చెప్తది. ‘అయితే’ అంటది. గంతే, పక్క పేజీకి దుంకుతది. ఆ అయితే ఏందో నాకు ఎట్ల తెల్వాలె?”

సర్కారు రూల్సు ఎప్పుడైనా చదివినవాళ్ళకు తెలుసు, ప్రాణమంతా ఆ ‘అయితే’ తర్వాతే ఉంటుంది. నాకూ తెలుసు. అయినా నేనేమన్నానో ఇప్పుడు రాయడానికి చెయ్యి రావడం లేదు.

“అక్కా, గిట్ల నోటితోని చెప్తే లెక్కకు రాదు. పేజీల ఇష్యూ వెయ్యాలె,” అన్నాను.

“బాగుచేసేటోడివి నువ్వే కదా?”

“నేనే. అయినా వెయ్యాలె. గది పద్ధతి.”

“ఏశినంక?”

“ఏశినంక ఊకుండాలె. ఏమైంది, ఏమైంది అని మళ్ళ మళ్ళ రాయొద్దు. మాకు మస్తు లొల్లి అయితది.”

ఆమె సరేనంది. పక్కన పాలు కొలుస్తున్నాయన నా వైపు చూసిన చూపును నేను పట్టించుకోలేదు. ఆయనకు ఓపెన్ సోర్స్ గురించి ఏం తెలుసు?

ఇష్యూ వేయడానికి మా దగ్గర ఒక ఫారం ఉంది. పద్నాలుగు గళ్ళు. అందులో ఒక గడిలో, తెర మీద తప్పు కనబడుతున్నట్టు ఫోటో తీసి జతచేయడం తప్పనిసరి. చూపు లేనివాళ్ళ కోసం చేసిన సాఫ్ట్‌వేర్ మీద ఫిర్యాదుకు తెర ఫోటో కావాలన్నమాట. ఆ ఫారం తయారుచేసిన మేధావిని నేనే. అప్పట్లో అందరూ శభాష్ అన్నారు కూడా.

అక్క ఎలా తిప్పలు పడిందో గానీ ఇష్యూ వేసింది. వెంటనే ‘ధన్యవాదాలు, పరిశీలిస్తాం, దయచేసి మళ్ళీ మళ్ళీ గుర్తుచేయవద్దు’ అని జవాబు వెళ్ళింది. అది నేను రాసిన జవాబే. పంపింది మాత్రం బాట్, అంటే మనిషి లేకుండా ఇలాంటి చాకిరీ చేసిపెట్టే చిన్న ప్రోగ్రాం. నేను ఆ ఇష్యూ చదవలేదు. ఆ తర్వాత ఏడాది పాటు పాల దగ్గర ఎన్నోసార్లు కలిశాం. అమ్మ బాగుందా అని అడిగేది, ఆఫీసు కబుర్లు చెప్పేది. ఆఖరి వరుస మాట మళ్ళీ ఎత్తలేదు. ఎత్తలేదు కాబట్టి ఏదో సర్దుకుని ఉంటుందనుకున్నాను. ఈలోగా పరీక్ష ఒకసారి వాయిదా పడింది.

అంతలో బెంగళూరు నాయకుడికి మా ఆరు వందల పన్నెండు మీద బెంగ పుట్టింది. “ఎవరైనా వచ్చి చూస్తే ముందు ఆ అంకె చూస్తారు బ్రో. ప్రాజెక్టు చచ్చిపోయిందనుకుంటారు,” అన్నాడు వీడియో కాల్‌లో. మూడు వారాల్లో అన్నీ తేల్చేయాలని, దానికి ఇంగ్లీషులో ఇల్లు ఊడ్చే ఉద్యమం లాంటి పేరొకటి పెట్టాడు. సలహాలాయన ఆ పేరు మీద మూడు సలహాలు ఇచ్చాడు. చీపురు ఎవరు పట్టుకుంటారని అడిగితే ఇద్దరి వైపూ నెట్‌వర్క్ బలహీనపడింది. నేను పట్టుకుంటానన్నాను.

మొదటి ఆదివారం పొద్దున కూర్చుని నిజాయితీగా పదకొండు ఇష్యూలు చదివాను. ఐదు బాగుచేశాను. రెండోరోజు ఆరు చదివి నాలుగు బాగుచేశాను. మూడోరోజు, బొమ్మ నీలంగా ఎందుకుండాలో వివరిస్తూ నాలుగు పేరాలు రాశాను. నాలుగోరోజు నాకు విసుగొచ్చి, జ్ఞానోదయం అయిందని పేరు పెట్టుకుని, ఇంకో బాట్ రాశాను. మూడు నెలలుగా ఎవరూ మాట్లాడని ప్రతి ఇష్యూ కిందా అది ‘ఈ సమస్య ఇంకా ఉందా? పద్నాలుగు రోజుల్లో జవాబు రాకపోతే మూసేస్తాం’ అని మర్యాదగా రాస్తుంది. పద్నాలుగు రోజులాగి, మూసేస్తుంది. మూసేటప్పుడు ధన్యవాదాలు కూడా చెబుతుంది.

ఆ పద్నాలుగో రోజు వచ్చింది. పొద్దున చాయ్ తాగుతూ కూర్చుంటే కళ్ళముందే అంకె పడిపోతోంది. ఐదు వందలు, మూడు వందలు, నూట డెబ్బై మూడు. నాయకుడు చప్పట్ల బొమ్మలు పంపాడు. ఎప్పుడూ చూడనివాళ్ళెవరో వచ్చి అద్భుతం అన్నారు. నాకు కళ్ళు నెత్తికెక్కాయి. మిగిలిన నూట డెబ్బై మూడులో ఏమున్నాయో చూసి ఉంటే కొంచెం దిగేవేమో. ఎవరు ఎక్కువ పోట్లాడుకుంటే ఆ ఇష్యూ బతికింది. యాస గొడవ బతికింది. భక్తి చాలనాయన వారం వారం గుర్తుచేస్తాడు కాబట్టి ఆయనా బతికాడు. బొమ్మ రంగు నిండు నూరేళ్ళ ఆయుష్షుతో కళకళలాడుతోంది.

మా నాన్నకు గొప్పగా చెప్పాను.

“ఎన్ని తీర్చినవ్ బేటా?” అన్నాడు.

“నాలుగు వందల ముప్పై దాకా బంద్ చేసిన.”

“బంద్ చేసుడు కాదు. తీర్చినవి?”

“తొమ్మిది.”

ఆయన నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నాడు. “మా ఆఫీసుల గిట్లనే చేస్తుంటిమి. మార్చి వచ్చిందంటే పాత అర్జీల మీద ‘అర్జీదారు హాజరు కాలేదు’ అని రాసి కట్ట కట్టుడు. వాడు ఆడనే బయట బెంచీ మీద కూసొని ఉంటుండె. లోపలికి పిలిస్తే కదా, హాజరయ్యేది!”

నాకు ఒళ్ళు మండింది. సర్కారు ఆఫీసుకూ స్వచ్ఛంద సేవకూ తేడా తెలియదా అని గట్టిగానే అడిగాను. ఆయన కళ్ళు తుడుచుకుంటూ, తెలుసు, మాకు జీతమిచ్చేవాళ్ళు అన్నాడు.

ఆ వారంలోనే కాకా సాయంత్రం చాయ్‌కి రావడం మానేశాడు. రోజూ ఇద్దరూ స్టేషన్ దగ్గరి హోటల్లో కూర్చునేవాళ్ళు. ఏమైందని నాన్నను అడిగితే, “వాడు చదువుతున్నడు,” అన్నాడు. కాకా చదవడమేమిటని నాకు నవ్వొచ్చింది. ఆయన చిన్నప్పుడు మొఘల్‌పురాలో ఉర్దూ మీడియంలో చదువుకున్నాడు. తెలుగు, షాపుల బోర్డులు చూసి సొంతంగా నేర్చుకున్నది. చూద్దామని ఆదివారం పొద్దున వాళ్ళింటికి వెళ్ళాను.

ముందుగదిలో అక్క కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. పక్కన కుర్చీలో కాకా, ఒళ్ళో లావుపాటి రూల్సు పుస్తకం, చేతిలో భూతద్దం. కంప్యూటర్ నా గొంతులో, అంటే నేను తయారుచేసిన గొంతులో, గడగడా పేజీ చదివింది. కిందికి రాగానే అక్క మీట నొక్కి ఆపేసింది. కాకా వేలు పేజీ మీద జారి ఆఖరి వరుస దగ్గర ఆగింది.

“స... దరు... ఉ... ద్యో...”

“సదరు ఉద్యోగి,” అంది అక్క.

“ఠైర్ జా బేటీ, నన్ను చదవనియ్యి. సదరు ఉద్యోగి... వి... విన...”

ఒక్క వరుస అయ్యేసరికి ఆయన నుదుటి మీద చెమట పట్టింది. అక్క దాన్ని రెండుసార్లు పైకి అనుకుని మీట నొక్కింది. కంప్యూటర్ మళ్ళీ పరుగందుకుంది. నాలుగు పుస్తకాల్లో మూడోది సగంలో ఉన్నారు. పరీక్షకు ఎనిమిది రోజులుంది.

“ఏంది అక్కా ఇది? ఇంకా మింగుతున్నదా?” అన్నాను.

“ఎన్నడు ఆగింది తమ్మీ మింగుడు?”

“మరి నాకు చెప్పలేవేంది?”

“ఇష్యూ ఏశిన కదా. మళ్ళ మళ్ళ అడగొద్దన్నవ్, అడగలే. మొన్న మెయిల్ వచ్చింది, ఇంకా ఉందా అని. జవాబిస్తే మీకు లొల్లి అయితదని ఇయ్యలే. మళ్ళ ఇంకో మెయిల్ వచ్చింది, మూసేసినమని. హమ్మయ్య, బాగుచేసిండ్రు అనుకున్న. కొత్తది ఎక్కించుకొని విన్న. గట్లనే ఉంది. ఇగ బాపును కూసోబెట్టిన.”

ఆమె గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది, పోట్లాడి ఉండేవాణ్ణి. కాకా మాత్రం భూతద్దం పక్కన పెట్టి, ఫికర్ చేయకు, చాయ్ తాగి పో అన్నాడు.

తాగకుండా వచ్చేశాను. మూసేసిన నాలుగు వందల్లో వెతికి ఆమె ఇష్యూ పట్టుకున్నాను. పేరు ఉండాల్సిన చోట నాలుగు అక్షరాలూ కొన్ని అంకెలూ ఉన్నాయి. మా ప్రాజెక్టులో అంత పొందికగా రాసిన ఇష్యూ ఇంకోటి లేదు. ఏ పుస్తకం, ఏ పేజీ, ఏ మాట తర్వాత గొంతు దూకుతుంది, ఎన్నిసార్లు వినిచూసింది, అన్నీ వరసగా ఉన్నాయి. తెర ఫోటో అడిగిన గడిలో ఇలా రాసింది: ‘తెర మీద ఏముందో నాకు తెలియదు. నాకు వినిపించింది రాశాను. సరిపోకపోతే క్షమించండి.’ దాని కింద నా బాట్ రెండుసార్లు ధన్యవాదాలు చెప్పి తలుపేసి వెళ్ళింది.

నాకు సిగ్గేసింది. ఆ మాట ఇంకెలా చెప్పాలో తెలియదు. కింద వెల్డింగ్ షాపులో ఎవరో నవ్వితే నన్ను చూసే అనుకున్నాను.

తప్పు దొరకడానికి ఎంతోసేపు పట్టలేదు. పేజీలో వరుసలు లెక్కపెట్టే చోట ఒకటి తక్కువ లెక్కపెట్టాను. దిద్దడానికి ఒక్క అంకె మార్చాలి. ఏడాది పాటు ఒక మనిషి చదువుకు అడ్డంపడింది ఆ ఒక్క అంకె. మధ్యాహ్నానికల్లా దిద్ది, పది పేజీలు వినిచూసి, ప్రాజెక్టులో పెట్టాను. కొత్త వర్షన్ నెలాఖరుకే, అప్పటిదాకా ఆగాలి, పద్ధతి అని నాయకుడు రాశాడు. ఆ మాట నేను ఎంతమందికి చెప్పి ఉంటానో! పద్ధతిని గాలికొదిలి, దిద్దినదాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వాళ్ళింటికి పరిగెత్తాను.

“అక్కా, అయిపోయింది. ఇగ మింగదు. ఐదు నిమిషాలల్ల ఎక్కిస్త.”

ఆమె మీట మీది నుంచి చెయ్యి తీయలేదు.

“ఇప్పుడొద్దు తమ్మీ.”

“ఎందుకు? ఎనిమిది రోజులే ఉంది కదా!”

“అందుకే వద్దంటున్న. ఇప్పుడైతే అది ఎక్కడ మింగుతదో నాకు ఎరుక. ఆడ బాపు ఉన్నడు. నువ్వు కొత్తది పెడితే, ఇంకెక్కడ ఏం మింగుతదో నాకెట్ల తెల్వాలె? నీ మీద నమ్మకం లేక కాదు...” అని ఆగింది. అబద్ధం చెప్పడం ఆమెకు టెలిఫోన్‌లోనే అలవాటు, అదీ ఇతరుల తరఫున. “నిజం చెప్పాలంటే, లేకనే,” అంది.

కాకా ఇబ్బందిగా కదిలాడు. నేను పెన్‌డ్రైవ్ జేబులో పెట్టుకున్నాను. పోనీ ఆఖరి వరుసలు నేను చదువుతానన్నాను, కాకా కన్నా తొందరగా అవుతుందని. వద్దంది. బాపు నిదానంగా కూడబలుక్కుంటూ చదివితేనే తనకు మనసులో నిలుస్తోందట. అంటే బడిలో, కాలేజీలో నేర్చుకున్న నా తెలుగు కూడా ఆ ఇంట్లో పనికిరాలేదు. గేటు దాకా వచ్చి ‘బురా మత్ మానో, మనసుల పెట్టుకోకు’ అన్నాడు కాకా. ఆ ఎనిమిది రోజులూ రోజూ ఆఫీసుకు పోతూ వాళ్ళ కిటికీ కింద నడిచాను. గడగడా చదివే నా గొంతు, తర్వాత నిశ్శబ్దం, తర్వాత ఒక్కొక్క అక్షరం.

అక్క పాసైంది. మార్కులు మరీ ఎక్కువ కాదు, కావలసినన్ని. ఫలితం వచ్చిన రోజు కాకా వీధంతా జిలేబీలు పంచాడు. మా నాయకుడికి సంగతి తెలిసి, మన సాఫ్ట్‌వేర్ సాధించిన విజయం అని ప్రాజెక్టు పేజీలో రాద్దామన్నాడు. నేను అతనికి ఇచ్చిన జవాబు ఇక్కడ రాయదగింది కాదు. అదేరోజు బాట్‌ను ఆపేసి, మూసిన ఇష్యూలన్నీ మళ్ళీ తెరిచాను. అంకె ఆరు వందలు దాటింది. ప్రాజెక్టు చచ్చిపోయిందా అని ఎవరో అడిగారు కూడా. రోజుకు ఐదు చదువుతున్నాను. చదివాక, రాసినవాళ్ళకు నేనే జవాబు రాస్తున్నాను. ఎక్కువమంది పలకడం లేదు. పలకకపోతే నాకు కోపం వస్తోంది, తర్వాత ఆ కోపానికి సిగ్గేస్తోంది.

మొన్న ఒకరోజు పొద్దున లోకల్ బండిలో ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. కొత్త సీటు ఎలా ఉందని అడిగాను. ఫిర్యాదుల సెక్షన్‌లో వేశారట.

“పాతయి మూడు వందల పైన ఉన్నయి తమ్మీ. సార్ ఏమన్నడంటే, ఏడాది సంది ఎవ్వరూ వచ్చి అడగనియి మూసేయమన్నడు.”

నేను కిటికీలోంచి బయటికి చూశాను. “మూసేసినవా?”

“ఎట్ల మూస్త? ఫోన్ చేస్తున్న. నాకొచ్చిన పని గదే కదా. రోజుకు పదిమందికి చేస్తున్న. కొన్ని నంబర్లు పోయినయి, కొందరు తిడుతున్నరు. నిన్న ఒక పెద్దమనిషి దొరికిండు. అర్జీ పెట్టి నాలుగేండ్లు అయిందంట. ఆఫీసు నుంచి చేస్తున్న అంటే ఏడ్చిండు. ‘మీరు ఫోన్ చేస్తరని నంబర్ మార్చలేదమ్మా’ అన్నడు.”

స్టేషన్ వచ్చింది. అక్క కర్ర విప్పుకుని దిగిపోయింది. నేను దిగాల్సింది కూడా అక్కడే. బండి కదిలేదాకా లేవలేకపోయాను.